రాజారావు ఆకుపచ్చ సంచి

రాజారావు ఇవాళ కొన్న వస్తువు రేపు ఆయన ఇంట్లో ఉండదు. అమ్మినవాళ్ళ గుమ్మంలో ఉంటుంది.

మెల్‌బోర్న్‌కి ఆగ్నేయంగా, కేరమ్ డౌన్స్ చుట్టుపక్కల, తెలుగువాళ్ళలో ఎవరు ఏ చిన్న వ్యాపారం మొదలుపెట్టినా మొదటి బేరం ఆయనదే. మర్నాడు మొదటి ఫిర్యాదూ ఆయనదే. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. కాకినాడ నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. కారు తలుపులు తయారుచేసే ఓ ఫ్యాక్టరీలో, అది మూతపడే దాకా పనిచేశాడు. తలుపు తెరవడం, మూయడం, చప్పుడు వినడం ఆయన ఉద్యోగం. రోజుకి నాలుగువందల తలుపులు. ఇప్పుడు తలుపులు లేవు. లోకం మిగిలింది.

బాలమురళి ఆవకాయ పెట్టి సీసాల్లో అమ్మడం మొదలుపెట్టినప్పుడు మొదటి సీసా రాజారావు కొన్నాడు. మర్నాడు పొద్దున్నే సీసాని ఆకుపచ్చ గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చాడు.

"మూత దగ్గర నూనె కారుతోందోయ్."

"కొంచెమే కదా అంకుల్."

"నీకు కొంచెం. మా ఆవిడ పట్టుచీరకి చాలా."

ఏడుసార్లు తెచ్చాడు. ఏడోసారికి బాలమురళి ఎక్కడెక్కడో వెతికి కొత్త మూతలు తెప్పించాడు. ఇప్పుడా ఆవకాయ పెర్త్‌లో పియారా వాటర్స్ దాకా సూట్‌కేసుల్లో ఎగిరివెళ్తోంది. చుక్క కారడం లేదు. బాలమురళి వంటింట్లో నలుగురు పనిచేస్తున్నారు.

హేమచంద్ర రాహుకాలం చెప్పే యాప్ తయారుచేశాడు. యాప్‌ని వాపసు ఎలా తెస్తాడో చూద్దామని జనం నవ్వుకున్నారు. రాజారావు ఫోన్‌ని ఆకుపచ్చ సంచిలో వేసుకుని వచ్చాడు.

"అక్టోబరు మొదటి ఆదివారం నుంచి నీ రాహుకాలం గంట ముందొస్తోంది."

"ఎందుకలా అంకుల్?"

"ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరిపారు. రాహువుకి ఆ సంగతి నువ్వు చెప్పలేదు."

డబ్బు తిరిగి ఇచ్చేస్తామంటే మాత్రం ఆయనకి కోపం. "వస్తువు నాది. దాంట్లో తప్పు నీది. నీది నీకిచ్చి పోదామని వచ్చాను" అంటాడు.

అలాంటి రాజారావు నోట 'బాగుంది' అన్న మాట రెండే రెండుసార్లు వచ్చింది. ఒకటి, కిట్టు పెసరట్టు పిండిని స్ప్రే డబ్బాలో పెట్టి, పెనం మీద చల్లుకుంటే అట్టవుతుందన్నప్పుడు. రెండు, గోపాలరావు మామిడాకుల తోరణాలు అద్దెకిస్తానన్నప్పుడు. కిట్టు సంతోషం పట్టలేక 'రాజారావుగారు బాగుందన్నారు' అని డబ్బా మీద అచ్చువేయించాడు. మూడు నెలల్లో కంపెనీ మూతపడింది. గోపాలరావు ఆకులు మూడో గృహప్రవేశానికే ఎండి రాలిపోయాయి. అది వాళ్ళ జాతకం అనుకున్నారు జనం. ఆ మాట మాత్రం అందరికీ కావాలి.

అందరికంటే ఎక్కువగా హరిప్రియకి కావాలి.

హరిప్రియది వరంగల్. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. జూన్ చలి వచ్చిందంటే మెల్‌బోర్న్‌లో ఇడ్లీపిండి పొంగదు. జనం దాన్ని దుప్పట్లో చుడతారు, ఓవెన్‌లో దాచి లైటు వేస్తారు, హీటరు ముందు కూర్చోబెడతారు. తెలిసినవాళ్ళు ఒకరు పిండిగిన్నెకి సీటుబెల్టు పెట్టి, కారులో ఎండ ఉన్న వీధులన్నీ తిప్పుకొచ్చారని విన్న రోజున హరిప్రియ ఆగస్టు చివరిదాకా జీతంలేని సెలవు పెట్టేసింది. పిండిని పొంగించే పెట్టె తయారుచేస్తానంది.

బీరుసీసాల మీద ఐసు వేసుకుని జనం బీచికి మోసుకుపోయే ఎస్కీ పెట్టె ఒకటి కొంది. అందులో అడుగున పరచడానికి, పెంపుడు బల్లుల కింద వేసే వెచ్చటి పట్టా కోసం వెళ్ళింది. షాపతను ఉత్సాహంగా అడిగాడు.

"ఏ రంగు బల్లి?"

"తెల్లది."

"ఎంత పెరుగుతుంది?"

"రెండింతలు. పొద్దునకల్లా."

డాండెనాంగ్‌లో ఇండియన్ సరుకుల షాపు నడిపే శివప్రసాద్ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు. వాడినవాళ్ళని అడిగి, ఆగస్టు ఆఖరి శనివారం చెప్తానన్నాడు. సరేనంటే నలభై పెట్టెలు తీసుకుంటాడు. కాదంటే సోమవారం హరిప్రియ ఇన్సూరెన్స్ ఆఫీసుకి వెళ్ళిపోవాలి. కౌన్సిల్ వాళ్ళు చిన్న వ్యాపారులకి పెట్టిన క్లాసులో ఒకావిడ స్లైడ్లు చూపిస్తూ, నిజం చెప్పే కస్టమర్‌ని వెతుక్కోండి, కొత్త ఆలోచనలన్నీ అక్కడే పుడతాయని చెప్పింది. హరిప్రియకి వెతికే పని పడలేదు. ఆయనకి ఆమె అడ్రసు తెలుసు. వెనకవీధే.

రాజారావు మొదటి పెట్టె కొన్న మర్నాడు, కిటికీ దగ్గర ఆఫీసు కాల్‌లో ఉన్న ఆమె భర్త సంజయ్ మైకు మూసి అరిచాడు.

"హరీ, ఆకుపచ్చ సంచొచ్చింది!"

పెట్టె సంచిలో పట్టలేదు. అందుకని రాజారావు సంచిని పెట్టె మీద కప్పి తెచ్చాడు.

"ఏమైంది అంకుల్? పొంగలేదా?"

"పొంగిందమ్మా."

"మంచిదే కద!"

"ఆగలేదు. గట్టు దిగి ఫ్రిజ్ కిందికి పోయింది. మా ఆవిడ ఇంకా పిలుస్తోంది, రావట్లేదు."

హరిప్రియ వేడి హద్దు దాటగానే ఆగిపోయే మీట పెట్టింది. గరాజు గోడ మీద పెన్సిలుతో 'ఒకటి: పొంగు ఆగలేదు' అని రాసి, పక్కన టిక్కు పెట్టింది. నాలుగోరోజు సంచి మళ్ళీ వచ్చింది.

"మా గిన్నె పట్టలేదు."

"వేరే గిన్నె పెట్టండి అంకుల్."

"అది లీలావతి పుట్టింటి గిన్నె. నలభై మూడేళ్ళుగా పిండి దాంట్లోనే పొంగుతోంది. నీ పెట్టె వయసెంత?"

"వారం."

"మరి ఎవరు సర్దుకోవాలి?"

పెట్టె నాలుగంగుళాలు పొడవెక్కింది. తర్వాత వైరు చాల్లేదు. ఆ తర్వాత ఎర్రలైటు పనికిరాలేదు. ఎర్రగా కనిపిస్తే ఏదో కాలిపోతోందని లీలావతి ప్లగ్గు పీకేస్తోందట. పచ్చలైటు పెట్టింది. ఐదోసారి రాజారావు పట్టాని పైకెత్తి చూపించాడు. దాని మీద బల్లి బొమ్మ ఉంది.

"బల్లి మన మీద పడితే ఏం జరుగుతుందో పంచాంగంలో ఉంది. ఇడ్లీపిండిని బల్లి మీద కూర్చోబెడితే ఏం జరుగుతుందో ఎక్కడ చూడమంటావు?"

"బొమ్మే కద అంకుల్!"

"బొమ్మలకే మనం దణ్ణం పెడుతున్నాం."

ఆ వారమంతా హరిప్రియ ఫోన్లు చేసి, బొమ్మలేని పట్టాలు తయారుచేసే ఓ చిన్న వర్క్‌షాపుని పట్టుకుంది. ఆ పట్టాలు ఇంకా సన్నగా ఉన్నాయి, కరెంటు సగమే తింటున్నాయి. ఆ సంతోషం రెండు రోజులుంది. మూడోరోజు సంచి వచ్చింది.

తొమ్మిదోసారికి ఆమెకి ఓపిక అయిపోయింది. టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"అంకుల్, ఒక్కటన్న మంచిగున్నదని చెప్పండి. ఒక్కటంటే ఒక్కటి."

రాజారావు ఒక గుక్క తాగాడు.

"నీ టీ."

హరిప్రియ ముఖం వెలిగింది. ఆయన ఇంకో గుక్క తాగాడు.

"అల్లం తగ్గించు."

"శివప్రసాద్ గారు మీ తాన్నే అడుగుతరు అంకుల్. ఈ పెట్టె వాడింది మీరొక్కరే. ఏం చెప్తరు?"

"ఉన్నదున్నట్టు చెప్తాను" అని ఆయన సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"అయిపోయింది. నా ఆఫీసు బట్టలు ఇస్త్రీ చేసుకోవాలె" అంది హరిప్రియ.

"నేను చేస్త" అన్నాడు సంజయ్. ఆమె చూసిన చూపుకి, "ఊరికె అన్న" అని కాల్‌లోకి వెళ్ళిపోయాడు.

ఆఖరి శనివారం నాటికి గోడ మీద పదకొండు తప్పులు, పదకొండు టిక్కులు ఉన్నాయి. పదకొండోది మూత కుడివైపు బిగుతు. అది సరిచేసి పన్నెండో పెట్టె కారులో పెట్టుకుని ఇద్దరూ డాండెనాంగ్ వెళ్ళారు. శివప్రసాద్ కౌంటరు వెనక కరివేపాకు కట్టలు కడుతున్నాడు.

"రాజారావుగారిని అడిగానమ్మా."

"ఏమన్నరు?"

"అనలేదు. రాసిచ్చాడు."

రెండు కాగితాలు. ఒకటి నుంచి పదకొండు దాకా, తేదీలతో సహా. హరిప్రియ ఫ్రిజ్ కిందికి పోయిన పిండి దగ్గర మొదలుపెట్టి, బల్లి దాకా చదివి, మడిచి ఇచ్చేసింది.

"సరే అన్నా. పోతం మరి."

"ఎక్కడికి? ఏభై పెట్టెలు కావాలి నాకు."

"నలభై అన్నరు కద?"

"అప్పటికింకా ఆయన్ని అడగలేదుగా!"

సంజయ్, హరిప్రియ ఒకరినొకరు చూసుకున్నారు. శివప్రసాద్ కరివేపాకు పక్కన పెట్టాడు.

"బాలమురళి ఆవకాయ ఏడుసార్లు తిప్పి తెచ్చాడు. నా షాపులో అన్నిటికన్నా ఎక్కువ పోయేది అదే. హేమచంద్ర యాప్‌ని తొమ్మిదిసార్లు తెచ్చాడు. మా ఆవిడ అది చూడకుండా గుమ్మం దాటదు. నీది పదకొండు. ఇరవై ఏళ్ళలో పదకొండు నేను చూళ్ళేదమ్మా."

"మరి కిట్టుది బాగుందన్నరు కద?"

"నేనూ అడిగాను, అదేంటి సార్ అలా అనేశారని. 'బాగుచెయ్యడానికి అందులో ఏమీ లేదయ్యా. డబ్బా పట్టుకుని మెరిసిపోతున్నాడు. ఓ నాలుగు రోజులు మెరవనీ' అన్నాడు." శివప్రసాద్ గొంతు తగ్గించాడు. "అందుకే ఆయన బాగుందన్న సరుకు నేను ముట్టుకోను."

హరిప్రియ షాపు నుంచి కారు నేరుగా రాజారావు ఇంటికి పోనిచ్చింది. లీలావతి తలుపు తీసింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఇడ్లీలు.

"సమయానికొచ్చారు. ఓ పాతిక పట్టుకెళ్ళండమ్మా, పుణ్యముంటుంది."

"అంకుల్‌కి ఇడ్లీలంటే అంత ఇష్టమా ఆంటీ?"

"ఇడ్లీయా? షుగరొచ్చి తొమ్మిదేళ్ళయింది. జొన్నరొట్టె తప్ప ముట్టుకోడు. జూన్ నుంచి వారానికి రెండుసార్లు పప్పు నానబోస్తున్నాడు. పక్కింటి గ్రీకు ముసలాయన తేనె పోసుకుని తినేవాడు. పాపం, ఆయనా ఇప్పుడు తలుపు తియ్యట్లేదు."

లోపల రాజారావు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. హరిప్రియ పన్నెండో పెట్టె బల్ల మీద పెట్టింది. ఆయన గిన్నె దించి చూశాడు. గిన్నె పట్టింది. ప్లగ్గు పెట్టాడు. పచ్చలైటు వెలిగింది. పట్టా ఎత్తి బల్లి లేదని చూశాడు. తర్వాత చెవి దగ్గరగా వంచి, మూత తెరిచాడు, మూశాడు. తెరిచాడు, మూశాడు. ఫ్యాక్టరీలో తలుపు పాసైనప్పుడు ఎలా నిలబడేవాడో అలా నిటారుగా నిలబడ్డాడు.

"అమ్మాయ్," అన్నాడు, "ఇది చాలా బా..."

"అంకుల్!" హరిప్రియ కేకకి లీలావతి పళ్ళెంలోంచి ఒక ఇడ్లీ జారింది. "ఆ మాట అనకండి! మీకు దండం పెడ్త, అనకండి!"

రాజారావు ఆమె వైపు చూశాడు. సంజయ్ వైపు చూశాడు. సంజయ్ కూడా చేతులు జోడించి ఉన్నాడు. ఆయన దగ్గి, మళ్ళీ పెట్టె ముందు కూర్చుని, మూత మీద అరచెయ్యి వేశాడు.

"మూత చప్పుడు చేస్తోంది" అన్నాడు చివరికి.

హరిప్రియకి ప్రాణం లేచి వచ్చింది.

"ఎట్లాంటి చప్పుడు అంకుల్?"

"సన్నగా. నాకు వినిపిస్తోంది. ఇంటికెళ్ళి చూసుకో."

"థాంక్స్ అంకుల్! చాలా థాంక్స్!"

"థాంక్స్ ఎందుకు? తప్పేగా చెప్పాను" అని ఆయన ఆకుపచ్చ సంచి తీసి పెట్టె మీద కప్పి, ఆమె చేతుల్లో పెట్టాడు. లీలావతి పెట్టె మీద ఇడ్లీలు పెట్టింది.

ఇంటికి రాగానే హరిప్రియ గరాజు తలుపు దించి, సంజయ్‌ని ఊపిరి బిగపట్టమంది. మూత ముప్పైసార్లు తెరిచి మూసింది. ఏ చప్పుడూ లేదు. వీధిలో కారు పోతే ఆగి, మళ్ళీ పదిసార్లు చూసింది. లేదు.

"ఏం లేదు కద?" అన్నాడు సంజయ్ ఇడ్లీ తింటూ.

"ఏం లేదు."

ఆమె పెన్సిలు తీసుకుని గోడ మీద పదకొండు కింద రాసింది. 'పన్నెండు: మూత చప్పుడు.'

పక్కన టిక్కు పెట్టలేదు. అది కూడా బాగుచేస్తే ఇంక ఆయన ఏమంటాడోనని భయం.