పుస్తకానికి అవతలి వైపు

ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికీ కలిపి ఒకటే పుస్తకం, బైబిలు. ఇందుకూరుపేట దగ్గర మా పల్లెలో ప్రార్థన వేళకి దాన్ని చాప మీద పెట్టి చుట్టూ కూర్చునేవాళ్ళం. చూపు ఆనని నాయనమ్మది తిన్నగా కనిపించే వైపు, అన్నలిద్దరివీ చెరో పక్క. అందరికన్నా చిన్నదాన్ని గనక నాకు మిగిలింది ఎదురు వైపు. నాయనమ్మ వేలు పెట్టి చూపిస్తుంటే అక్కణ్ణుంచే చదవడం నేర్చుకున్నాను. అక్షరాలంటే తలకిందులుగానే ఉంటాయని నా గట్టి నమ్మకం (నా నమ్మకాలన్నీ గట్టివే, సరైనవే తక్కువ).

బళ్ళో నేను పుస్తకం తిరగేసి పట్టుకోగానే అయ్యవారు నోరు తెరవనిచ్చేవారు కాదు. "పుస్తకం పట్టుకోను కూడా రాదంటే! హరిజనవాడోళ్ళకి చదువెక్కడ అంటద్దిలే!" అంటూ లాక్కుని తిన్నగా పెట్టేవారు. అలా పెడితే నాకు ఒక్క ముక్కా తెలిసేది కాదు. మూడో తరగతికి వచ్చాక ఆయన తేల్చేశారు. తనిఖీ రోజున చదవకపోతే మళ్ళీ ఒకటో తరగతే. మా పక్కింటి చీమిడిముక్కు చంటోడి పక్కన కూర్చోవాలి! రెండు రోజులు అన్నం సయించలేదు.

తనిఖీకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు, పెద్దసారు, వచ్చారు. నాకు ధైర్యం చెప్పడానికి నాయనమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. అయ్యవారు చెవిలో ఏదో చెబితే, పెద్దసారు తల ఊపి కాగితం మీద రాసుకుంటూ, "ఏదన్నా చదువు పాపా" అన్నారు. అయ్యవారు వాచకం వెతికే లోగానే బల్ల మీద అక్షరాలు నాకు అలవాటైన తీరులో కనిపించాయి. గొంతెత్తి అందుకున్నాను. "ఈ బాలికకు అక్షరజ్ఞానం లేదు. ఒకటో తరగతికి దించవలె..." పెద్దసారు కలం ఆగిపోయింది. "ఆ తర్వాత మీరింకా రాయలేదు సార్" అన్నాను.

నాయనమ్మ లోపలికొచ్చేసింది. "మా నాయన్ని బళ్ళోకి రానీలేదయ్యా. కిటికీ బయట నిలబడి నేర్చినాడు. ఆయన నాకు నేర్పినాడు, నేను దీనికి నేర్పినా. పుస్తకం ఒకటే, మనుషులు నలుగురు. ఎటు కూర్చుంటే అటు నుంచే గదయ్యా చదవాల!"

పెద్దసారు తను రాసింది కొట్టేసి, కాగితాన్ని తలకిందులుగా అయ్యవారి ముందు పెట్టారు. "ఏదీ, మీరు చదవండి." అయ్యవారు రెండో మాట దగ్గరే చెమటలు తుడుచుకున్నారు. ఆ సాయంత్రం నాయనమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ఊరి నడివీధిలోంచి, కావాలనే నెమ్మదిగా, ఇంటికి నడిపించుకుపోయింది. నాకు ఎంత గర్వమో చెప్పలేను.

ఇప్పుడు కోవూరులో నేనూ టీచర్నే. మీటింగుల్లో ఎదురుగా కూర్చున్న అధికారులు మన వాడల పిల్లల గురించి రాసుకునేవన్నీ ఇప్పటికీ చక్కగా కనిపిస్తాయి. చదివేసి, మర్యాదగా నోరు మూసుకుంటాను. ఇంత చదువుకున్నాక ఆ పిల్ల గొంతు నాకెక్కడ పోయిందా అని నవ్వొస్తుంది.