మా బావ నడుము ముప్పై రెండు

నీటి సరఫరా ఆఫీసులో పెద్ద గుమాస్తా గారి పదవీ విరమణ రోజున, సిబ్బంది అంతా మెట్ల మీద వరసలు కట్టి నిలబడి ఉండగా, ఫొటోగ్రాఫరు గారి జీన్స్ ప్యాంటు వెనక కుట్టు నడుము పట్టీ దగ్గర మొదలై అడుగు దాకా విడిపోయింది. ఆ శబ్దం ఆఖరి వరసకు కూడా స్పష్టంగా వినిపించింది. స్టాండు కాలొకటి జారుతుంటే బిగించడానికి ఆయన అప్పుడు సిబ్బందికి వీపు పెట్టి, కెమెరా కింద గొంతుక్కూర్చుని ఉన్నారు. కెమెరా రిమోట్ ఆయన ముందు జేబులో ఉంది. తొడకూ పొట్టకూ మధ్య అది నలిగి, ఆయన తల మీదుగా కెమెరా తనంతట తానే ఒక ఫొటో తీసింది. ఆయన లేచి, చొక్కా కిందికి లాక్కుని, ఎదుటి గోడకు వీపు ఆనించి మిగతా ఫొటోలు తీసి, ఆ గోడ వెంబడే పక్కపక్కగా నడుచుకుంటూ గేటు దాటారు.

ఆ ఫొటోగ్రాఫరు మా బావ. మా అక్క మొగుడు.

మార్కెట్టు వీధిలో ఆయన్ని అందరూ 'కదలకండి' గారంటారు. ఫొటో తీసే ముందు మా బావ ఆ మాట అనే తీరుకు మనిషి కదలడం మానేయడమే కాదు, నవ్వడం కూడా మానేస్తాడు. ఆయన స్టూడియో గోడల మీద వేలాడే ఫొటోల్లో పసిపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరూ పళ్ళ డాక్టరు గది బయట తమ వంతు కోసం కూర్చున్నట్టే ఉంటారు. అలాంటి మనిషి కెమెరాలో ఆ రోజు సాయంత్రం ఆఫీసు మొత్తం పగలబడి నవ్వుతూ కనిపించింది. సర్వీసంతా మూతి ముడుచుకుని గడిపిన ఆఫీసరు గారు పక్కాయన భుజం పట్టుకుని వంగిపోయి నవ్వుతున్నారు. పెద్ద గుమాస్తా గారు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఎలా తీశావు బావా అని అడిగితే, లైటింగ్ అన్నాడు.

జీన్స్ దగ్గర మా బావ పద్ధతులు వేరు. కుర్రతనంలో మోకాళ్ళ మీద కూర్చుని ఫొటోలు తీయడం మొదలుపెట్టినప్పుడు తొడిగిన జీన్స్, ఇంకో రకం ప్యాంటు వైపు ఆయన్ని చూడనివ్వలేదు. జీన్స్ అంటే ముదురు నీలమే, మరకలు పడినా తెలియకూడదు. ముందు జేబుల్లో ముంజేయి సగం దాకా దిగాలి, బ్యాటరీలూ లెన్సు మూతా రిమోటూ అన్నీ అందులోకే వెళ్తాయి. గుడ్డ అట్టలా ఉండాలి. సాగే జీన్స్ చూపిస్తే, సాగేదాన్ని గుడ్డ అనరు, రబ్బరు అంటారు అని వెనక్కి నెట్టేస్తాడు. మోకాళ్ళ దగ్గర ఫ్యాషన్‌గా చింపినవి కనిపిస్తే మాత్రం షాపువాళ్ళని పక్కకు పిలిచి, ఇవి విడిగా పెట్టండమ్మా, చూసుకోకుండా ఎవరైనా పాపం కొనుక్కుపోతారు అని నిజంగానే చెబుతాడు.

లెన్సు కొనేటప్పుడు ధర అడగని మనిషి, జీన్స్ కొనేటప్పుడు ఒక్కో వంగుడికి ఎంత పడుతుందో లెక్కేస్తాడు. కొన్నదాన్ని చచ్చేదాకా వదలడు. చచ్చిందో లేదో కూడా ఆయనే తేల్చాలి. పోయిన జీన్స్‌లు ఆ ఇంట్లో వేరే జన్మలెత్తుతాయి. లెన్సు సంచులవుతాయి, స్కూటరు సీటు తొడుగవుతాయి, గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టాలవుతాయి. ఈ కొంపలో జీన్స్ గుడ్డతో చేయనిదాన్ని నేనొక్కదాన్నే అంటుంది మా అక్క.

ఇవన్నీ ఒకెత్తు, నడుము నంబరు ఒకెత్తు. మా బావ నడుము ముప్పై రెండు. పెళ్ళినాడు ముప్పై రెండు, ఈనాడూ ముప్పై రెండే. పొట్ట పెరుగుతూ వచ్చిన కొద్దీ ప్యాంటు దాని కిందికి జరుగుతూ వచ్చింది గానీ నంబరు మారలేదు. స్టూడియోకు వచ్చేవాళ్ళ నడుములను కంప్యూటర్లో రెండు లాగులు లాగి సన్నగా చేసి పంపించే మనిషి, తన నడుముకు ఆ అవసరమే రాలేదని నమ్ముతాడు. ప్యాంటు ఎందుకు చిరిగిందని అక్క అడిగితే, ఈ రోజుల్లో దారం మంచిది రావట్లేదన్నాడు.

పెద్ద గుమాస్తా గారు ఆ ఫొటోను పటం కట్టించి హాల్లో పెట్టుకున్నారు. దాన్ని చూసి ఆయన మరదలు ముచ్చటపడింది. ఆవిడ ఒక పెద్ద స్కూలుకు ప్రిన్సిపాల్. వారం తిరక్కుండా స్టూడియోకు ఫోన్ చేసింది. టీచర్లందరి గ్రూప్ ఫొటో తీయాలి, అందరూ అచ్చం అలాగే నవ్వాలి, అది బాగా వస్తే ఇకమీదట తరగతుల ఫొటోలన్నీ మీకే ఇస్తాం అంది. ఇన్నాళ్ళూ ఆ పని ఎదురుగా ఉన్న అద్దాల స్టూడియోవాళ్ళది. సెల్‌ఫోన్లు వచ్చాక మా బావ దగ్గర పాస్‌పోర్టు ఫొటోలకు తప్ప ఎవరూ కూర్చోవడం లేదు. ఆ స్కూలు చేతికొస్తే షాపు నిలబడుతుంది, లేకపోతే షట్టరు దించి అద్దెకిచ్చుకోవడమే. ఆ మాట బావ పైకి అనలేదు. పొద్దున్నే షాపు తీసి, తుడిచిన లెన్సునే మళ్ళీ మళ్ళీ తుడవడం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

సరే, ముందు ప్యాంటు కొనాలి. అక్క ఆయన్ని బట్టల షాపుకు లాక్కుపోయింది. స్కూలుకు తీసుకెళ్ళాల్సిన లైటు స్టాండుకు బోల్టులు కొనాలని నేనూ వెంట ఉన్నాను.

సైజు ఎంత సార్ అని అడిగింది సేల్స్ అమ్మాయి. ముప్పై రెండు అన్నాడు బావ. ఆ అమ్మాయి ఆయన పొట్ట వైపు ఒకసారి చూసి, మా అక్క వైపు చూసింది. అక్క సీలింగు ఫ్యాను వైపు చూసింది. అమ్మాయి తెలివైనది, ముప్పై రెండే తెచ్చి ఇచ్చింది.

ట్రయల్ రూము తలుపు వెనక నుంచి చాలాసేపు బరువైన బీరువా జరుపుతున్నట్టు చప్పుళ్ళు వచ్చాయి. తర్వాత తలుపు తెరుచుకుంది. బావ బయటికి వచ్చాడు. బొత్తాం పట్టింది, ఊపిరి మాత్రం పట్టలేదు. ముఖం టమాటా రంగులోకి తిరిగింది.

"ఎలా ఉందండీ?" అంది అక్క.

"బాగుంది," అన్నాడు బావ, మాటను మధ్యలో రెండు ముక్కలు చేసి.

"కూర్చోండి చూద్దాం."

"కూర్చోడానికా కొనుక్కునేది?"

"మరి మీరు ఫొటోలు ఆకాశంలోంచి తీస్తారా? వంగండి."

బావ వంగలేదు. వంగితే ఏమవుతుందో ఆయనకీ తెలుసు, ప్యాంటుకీ తెలుసు. మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. అప్పుడా సేల్స్ అమ్మాయి ఇంకో ప్యాంటు తెచ్చి, తలుపు పైనుంచి లోపలికి జారవిడిచింది. ఇది కూడా ఒకసారి వేసి చూడండి సార్, ఈ కంపెనీవాళ్ళ కొలతలు కొంచెం వేరుగా ఉంటాయి అని మాత్రం అంది. అది సాగే రకం. నంబరు ముప్పై ఆరు.

లోపల ఈసారి బీరువా చప్పుడు రాలేదు. కాసేపటికి మోకాళ్ళ కీళ్ళు టప్ టప్ మన్నాయి. గొంతుక్కూర్చున్నాడన్న మాట. తర్వాత గోడకు ఏదో తగిలిన చప్పుడైంది, ఒంటి మోకాలి మీద కూర్చుని పక్కకు ఒరిగాడేమో. ఆ తర్వాత మా బావ ఎవరూ లేరనుకుని హాయిగా నిట్టూర్చడం మేం ముగ్గురం విన్నాం.

బయటికి వచ్చి, ముప్పై రెండే సరిపోయిందని అక్కతో చెప్పి, ఆమె చూడకుండా బిల్లు తనే కట్టాడు. అక్క కూడా అడగలేదు. కాపురం అలాగే సాగుతుంది.

చిక్కంతా కౌంటరు దగ్గర వచ్చింది. స్టిక్కరు ఊడదీయకపోతే నెల లోపు ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటాం అని అక్కడి కుర్రాడు చెప్పాడు. కొత్త జీన్స్‌ల మీద వెనక జేబు పక్క నుంచి తొడ మీదికి నిలువునా పొడుగాటి ప్లాస్టిక్ స్టిక్కరు అంటించి ఉంటుంది, దాని మీద సైజు నంబరు పైనుంచి కిందికి వరసగా అచ్చేసి ఉంటుంది. రబ్బరు గుడ్డ మీద మా బావకు నమ్మకం లేదు. ఒక ఫొటో పని పూర్తయ్యేదాకా అది నిలబడుతుందో లేదో చూడందే డబ్బు వదులుకోవడం ఆయన వల్ల కాదు. అలాగని ఆ నంబరు నలుగురూ చూడటమూ ఆయన వల్ల కాదు. స్కూలుకు వెళ్ళే రోజు పొద్దున అద్దం ముందు చాలాసేపు మెడ వెనక్కి తిప్పుకుని ఆలోచించి, చివరికి తనకున్న చొక్కాల్లోకెల్లా పొడుగాటిది తొడుక్కుని బయల్దేరాడు. స్టిక్కరు దాని కింద దాక్కుంది. పీకేయొచ్చుగా బావా అంటే, నీకు తెలీదులేరా, ముందు పని చేయనీ దాన్ని అన్నాడు.

స్కూలు లైబ్రరీ మెట్ల మీద టీచర్లు వరసలు కట్టారు. ముందు కుర్చీల్లో ప్రిన్సిపాల్ మేడమ్, చుట్టూ సీనియర్లు. మా బావ కెమెరా సర్దుకుని, రిమోట్ చేతిలో పట్టుకుని, పక్కకు నిలబడి అలవాటుగా "కదలకండి" అన్నాడు. అంతే. అంతవరకూ కబుర్లాడుకుంటున్న అంతమందీ ఒక్కసారిగా కిలోమీటరు రాళ్ళయిపోయారు.

ఆ ఆఫీసు ఫొటోలో లాగా రావాలండీ అని గుర్తు చేసింది మేడమ్. బావ గొంతు సవరించుకుని ఒక జోకు చెప్పాడు. ఫొటో తీయించుకోవడానికి వచ్చినవాడు కళ్ళు మూసుకున్నాడట, ఎందుకంటే నిద్రపోతే తను ఎలా ఉంటాడో చూసుకోవాలట. ఎవరూ నవ్వలేదు. డ్రిల్లు మాస్టారు మర్యాదగా, తర్వాతేమైందండీ అని అడిగారు. తర్వాత ఏమీ కాలేదు. ఇంకో జోకు మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయాడు. మేడమ్ గడియారం చూసుకుంది. రెండో వరసలో ఎవరో, అద్దాల స్టూడియో అబ్బాయి చకచకా తీసేసేవాడని గొణగడం లైటు పట్టుకున్న నాక్కూడా వినిపించింది.

మా బావ నుదుటి మీద చెమట పట్టింది. లెన్సు మారుద్దామనుకున్నాడో, ముఖం చాటేద్దామనుకున్నాడో, కెమెరా పక్కన నేల మీదున్న సంచి వైపు తిరిగి గొంతుక్కూర్చున్నాడు. రబ్బరు గుడ్డ మాట నిలబెట్టుకుంది, కిక్కురుమనలేదు. చొక్కా మాత్రం నిలబెట్టుకోలేదు. జర్రున పైకి పాకింది.

లైబ్రరీ మెట్ల మీద కళ్ళన్నీ అటు తిరిగాయి. ఆ తర్వాత లెక్కల టీచర్ గొంతు, తరగతిలో నల్లబల్ల మీద ఉన్నది చదివినట్టే వినిపించింది.

"ముప్పై ఆరు, ముప్పై ఆరు, ముప్పై ఆరు, ముప్పై ఆరు... ఇదేం ఎక్కమండీ, ముందుకు పోవట్లేదు?"

మొదట సంగీతం టీచర్ కిసుక్కుమంది. డ్రిల్లు మాస్టారు ఆపుకోలేక దగ్గారు. ఆ దగ్గుకు ఇంకో ఇద్దరు పడిపోయారు. అక్కడి నుంచి ఇక ఎవరి చేతిలోనూ లేదు.

నేను మా బావకు ఎదురుగా ఉన్నాను కాబట్టి ఆయన ముఖం నాకు కనిపిస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి. ఒక చెయ్యి చొక్కా అంచు కోసం వెనక్కి వెళ్ళింది. చటుక్కున లేచి కిందికి లాక్కుంటే సరిపోయేది, ఇన్నేళ్ళు దాచుకున్న సంగతి ఇంకొంచెం దాగేది. చొక్కా దాకా వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగింది. వెనక మెట్ల మీద ఒక స్కూలు స్కూలంతా నవ్వుతోంది. మా బావ చొక్కా వదిలేశాడు. రెండో చేతిలోని రిమోట్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. నవ్వు కాస్త తగ్గినట్టు అనిపించగానే, సంచిలో ఏదో వెతుకుతున్న వాడిలా నడుమును అటొకసారి ఇటొకసారి ఊపాడు. స్టిక్కరు ఎండకు తళుక్కుమంది. మేడమ్ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ నొక్కుతూనే ఉన్నాడు.

ఇంటికి వెళ్ళాక ఆయనే స్టిక్కరు పీకి చెత్తబుట్టలో వేశాడు. ప్యాంటు ఉంచేసుకుంటున్నానని అక్కతో చెప్పాడు. ముప్పై రెండేగా అంది అక్క. బావ మంచినీళ్ళు తాగడానికి వంటింట్లోకి వెళ్ళాడు, చాలాసేపు తాగాడు.

ఫొటో పెద్దది చేయించి నాలుగు రోజుల తర్వాత స్కూలుకు పట్టుకెళ్ళాం. ప్రిన్సిపాల్ మేడమ్ దాన్ని బల్లకు ఆనించి పెట్టి, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని చూసింది. ఒక్కొక్కళ్ళనే వేలితో చూపిస్తూ నవ్వుకుంది. పిల్లల ఫొటోలన్నీ ఈ ఏడాది మీరే తీయండి అంది. బావ ఊపిరి వదలడం నాకు పక్కనుంచి వినిపించింది. అంతలో ఆవిడ కనుబొమలు ముడివేసి ఫొటో మీదికి ఇంకా వంగింది.

"అంతా బాగానే ఉంది కానీండీ, ఇంతమందిలో ఒక్కరు కూడా కెమెరా వైపు చూడట్లేదే, అందరి కళ్ళూ పక్కకీ కిందకీ ఉన్నాయేమిటి?"

మా బావ ఫొటో వైపు ఒకసారి, తన ప్యాంటు వైపు ఒకసారి చూసుకున్నాడు.

"వచ్చే ఏడు ఆ స్టిక్కరు కెమెరాకే అంటిస్తానండి, మేడమ్."