నా ‘ఊ’ కోసం ఆగిన వాక్యాలు

2023లో, సికింద్రాబాద్ చిలకలగూడలో ఒక మేడ మీది గదిలో నర్సులకు జర్మన్ నేర్పుతుండేవాణ్ని. జర్మనీ ఆసుపత్రిలో ఉద్యోగం కావాలంటే బీ2 అనే స్థాయి పరీక్ష గట్టెక్కాలి. చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం అని అందులో నాలుగు మాడ్యూల్స్, అంటే విడివిడి భాగాలు. తప్పిన ఒక్క భాగానికే మళ్లీ హాజరు కావచ్చు. మా దగ్గర ఎక్కువమంది తప్పేది మాట్లాడటంలోనే.

మెర్సీ అల్వాల్ నుంచి వచ్చేది. ఐసీయూలో చాలాకాలం పనిచేసిన నర్సు. రాతలో క్లాసుకే మొదటిది. మాట్లాడే భాగం మాత్రం ఒకసారి తప్పింది. జర్మనీలో ఒక ఆసుపత్రి ఆమెను తీసుకుంటామంది, కానీ మళ్లీ తప్పితే ఆ ఉద్యోగం వేరేవాళ్లకు ఇస్తామని కూడా చెప్పింది.

మెర్సీ మళ్లీ తప్పింది.

“ఏమైంది?” అన్నాను.

“తెల్వది సార్. షురూ మంచిగనే చేసిన. తర్వాత పరేషాన్ అయిన.”

“ఐసీయూలో ప్రాణాలు కాపాడేదానివి, పరీక్షకు ఇంత పిరికితనమైతే ఎలాగమ్మా?”

ఆమె తల వంచుకుంది. ఆ మాట అనేసి నా పని అయిపోయిందనుకున్నాను. ఆ ఉద్యోగం పోయింది.

కొన్నాళ్లకు జలుబు చేసి నా గొంతు పూర్తిగా పోయింది. క్లాసు మానడం ఇష్టంలేక వెళ్లి, బోర్డు మీద విషయం రాసి, మాట్లాడమని మెర్సీకి సైగ చేశాను. జర్మన్‌లో ‘వైల్’ అంటే ఎందుకంటే. ఆ మాట వస్తే క్రియ మన తెలుగులో లాగే వాక్యం చివరికి పోతుంది. మెర్సీ సరిగ్గానే, “వైల్ ఇష్ క్రాంక్ బిన్” అంది. ఎందుకంటే నాకు ఒంట్లో బాగాలేదు అని; ‘బిన్’ అందులో క్రియ. చెప్పి నా ముఖంలోకి చూసింది. నేను మాట్లాడలేదు. వెంటనే “వైల్ ఇష్ బిన్ క్రాంక్” అని ఇంగ్లిష్ వరసలోకి మార్చేసింది. ఒప్పు తీసి తప్పు పెట్టింది. మళ్లీ నన్ను చూసింది. అక్కడితో ఆగిపోయింది.

వెనక కూర్చున్న నరేశ్, అతనూ నర్సే, నవ్వాడు. “సార్ ఊ అంటేనే నీకు ఊపిరి ఆడుతదా ఏందక్కా?”

“నువ్వు మాట్లాడకు. పొద్దుగాల గూటెన్ మోర్గెన్ అని మెసేజ్ పెట్టి సుత, కరెక్టేనా సార్ అని అడుగుతవ్!” అంది మెర్సీ.

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఒప్పు చెబితే ‘ఊ’ అనడం, తప్పు చెబితే ఊరుకోవడం నా అలవాటు. కథ వింటూ ఊకొట్టినట్టు ప్రతి వాక్యానికీ ఊకొట్టేవాణ్ని. అది ప్రోత్సాహమనుకున్నాను. ఎదుటివాళ్లు ఊరుకుంటే తప్పు చెప్పినట్టేనని వాళ్లు నేర్చుకున్నారు. పరీక్ష గదిలో ఎగ్జామినర్లు ముఖంలో ఏమీ కనపడనివ్వరు. అది వాళ్ల పద్ధతి. అక్కడ మెర్సీ తన ఒప్పులన్నీ ఒక్కొక్కటే చెడగొట్టుకుని ఉంటుంది. తన వాక్యం సరైనదో కాదో తానే తేల్చుకోవడం నేనెప్పుడూ నేర్పలేదు. నేర్పితే నాతో అవసరం తీరిపోతుందన్న బెరుకు కూడా నాలో ఉంది. ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

గొంతు వచ్చాక ఆమెతో చెప్పాను. “నువ్వు తప్పడానికి కారణం నేను. పిరికితనం అనడం నా పొరపాటు.”

మెర్సీ పుస్తకం మూసింది. “మా అమ్మకు సుత గదే చెప్పిన సార్, నేను పిరికిదాన్నని. మీరన్నరు గదా, నిజమే అనుకున్న.”



మర్నాటి నుంచి ఆమె మాట్లాడేటప్పుడు నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. “వీపుతోని ఏం మాట్లాడాలె సార్?” అని విసుక్కుంది. మాట్లాడింది ఫోన్‌లో రికార్డు చేసుకుని, విని, తప్పులు ముందు తానే పట్టాలి. ఆ తర్వాతే నేను చెప్పేది. మొదట్లో ఒప్పుల్ని కూడా తప్పులేనంది. కోపం తెచ్చుకుంది, ఒకసారి ఏడ్చింది. ఒకరోజు ఒకచోట తప్పుందని నేనంటే, “లేదు సార్, మళ్లీ వినుండ్రి” అంది. విన్నాను. తప్పు లేదు.

మూడోసారి పాసైంది. “మధ్యల ఒకటి తప్పు చెప్పిన. నాకే తెలిసింది. దిద్దుకొని ముందుకు పోయిన. ఎగ్జామినర్ మేడమ్ ముఖం దిక్కు చూడనే లేదు,” అంది. ఇంకో ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. చిన్న ఊరు, మొదటిదానంత మంచి విభాగం కాదు. ఆ తేడా నా ఖాతాలోదే.

నా పాత విద్యార్థులు కొందరు జర్మనీ వెళ్లాక కూడా వార్డులోంచి వాక్యాలు పంపి సరిగ్గా ఉన్నాయా అని అడుగుతుంటారు. ఆ మెసేజ్‌లు అందరికీ చూపించి గొప్పలు చెప్పుకునేవాణ్ని. మెర్సీ వెళ్లి ఏడాది దాటింది. ఫొటోలు పంపుతుంది, అక్కడి చలిని తిట్టిపోస్తుంది. దిద్దమని ఒక్క వాక్యం పంపలేదు. నేను ఎవరికి నిజంగా జర్మన్ నేర్పానో, ఎవరికి నేర్పలేదో ఇప్పుడు అలా లెక్క చూసుకుంటున్నాను.