నా జాడూ సింహాసనం

శ్రావణ శుక్రవారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు సైదాబాద్‌లో మా ఇంటి ముందు రిక్షా ఆగింది. (గోడ గడియారం పది ఇరవై అయిదు చూపించింది. అది అయిదు నిమిషాలు ముందు నడిచేది. ఆ అయిదూ తీసేసి చెబుతున్నాను.) రిక్షాలో మూడు కట్టలు, కట్టకి వంద చొప్పున నా మొదటి నవల. ఇప్పుడు మా తమ్ముడి మనవరాలు రాత్రి ఒక మాయాలోకం కథ ఫోన్లో పెట్టి, పొద్దున కాఫీ చల్లారేలోగా ఊరూ పేరూ తెలియని వాళ్లందరి అభిప్రాయాలూ చదివేసుకుంటోంది. ఆ రోజుల్లో నవల రాయడం ఒక ఎత్తు, చదివినవాళ్లు ఏమనుకున్నారో తెలుసుకోవడం ఇంకో ఎత్తు. వాళ్లింటికి మనమే వెళ్లాలి, మంచినీళ్లు తాగాలి, వాళ్లంతట వాళ్లు పుస్తకం మాట ఎత్తేదాకా ఎండల గురించి మాట్లాడుతూ కూర్చోవాలి. కొందరు ఎత్తేవారు కాదు. అలాంటి ఇళ్లలో నేను తాగిన నీళ్లకు లెక్కలేదు.

నాకు ఇరవై రెండేళ్లు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల విభాగంలో కొత్తగా చేరాను. పగలు అంకెలు కూడి, సాయంత్రాలు రాకుమార్తెలను గాల్లో ఎగరేసేదాన్ని. నాన్నగారి ఉద్యోగం మూలంగా కాకినాడ నుంచి ఈ ఊరు వచ్చి అప్పటికి ఆరేళ్లు. మా ఇంట్లో ఉర్దూ వచ్చినవారు నాన్నగారు ఒక్కరే, అంటే వచ్చునని అనుకునేవారు ఆయన ఒక్కరే. రిక్షా పిలిచి, "భాయ్, హమ్ కో బేగంబజార్ మే దిగా దేనా, కిత్నా తీసుకుంటావ్ బోలో" అని ఎంత దర్జాగా అనేవారంటే, రిక్షావాళ్లు బేరమాడకుండా ఎక్కించుకునేవారు. నవల మొదలుపెట్టినప్పుడు నేను ఆయన్నే అడిగాను: "నాన్నగారూ, మాయని ఉర్దూలో ఏమంటారు? ఈ ఊరి మాట ఒకటి పేరులో ఉంటే కొత్తగా ఉంటుంది." ఆయన పేపరు దించకుండానే చెప్పారు: "జాడూ."

ఉర్దూలో మాయని జాదూ అంటారు. జాడూ అంటే చీపురు. ఈ సంగతి మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. (వీధిలోకి వచ్చే ఆవిడ "చీపుర్లో" అని తెలుగులోనే అరిచేది. తప్పంతా ఆవిడదే అనిపిస్తుంది ఒక్కోసారి.) అలా నా నవల పేరు 'జాడూ సింహాసనం' అయింది. అందులో మాంత్రికుడు జాడూగర్. రాకుమారి కళ్లలో జాడూ ఉంటుంది. నాలుగో అధ్యాయంలో జాడూగర్ ఒక్క జాడూ విసిరితే మహారాజు నేలకొరుగుతాడు. ఆ మాట నవలలో మూడు వందల పదకొండు చోట్ల ఉంది. తరవాత కూర్చుని లెక్కపెట్టాను.

మొదటి అభిప్రాయం మా కింది వాటాలో ఉండే అక్కది. ఆమె భర్త దబీర్‌పురా రైల్వే స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. శనివారం మధ్యాహ్నానికే ఆమె మెట్లెక్కి వచ్చేసింది, పేజీలో వేలు పెట్టుకుని.

"ఏంది చెల్లే, మస్తు రాసినవ్! మా అత్తకు సదివి ఇనిపిస్తే నవ్వి నవ్వి మంచం మీదికెల్లి పడ్డది."

"నవ్వడానికేముంది అక్కా? నాలుగో అధ్యాయంలో రాజు చచ్చిపోతాడుగా."

"గా సావుకాడనే గదా పడ్డది! ఒక్క దెబ్బకు సచ్చిండంటే గా రాజు ఎంత నాజూకోడో! గది సరే గని, ఇంత పెద్ద మాంత్రికునికి జాడు పట్టుకొని తిరుగుడేంది? నౌకర్లు లేరా?"

ఇది సాహిత్య విమర్శ అనుకున్నాను. మాంత్రికుడు తన శక్తిని ఇతరుల చేతికి ఇవ్వడని ఓపిగ్గా వివరించాను. ఆమె చాలా శ్రద్ధగా విని, "అవు, గది గూడ నిజమే. నేను గూడ నాది ఎవ్వలకియ్య" అంది.

ఆ వారమే మా మేనత్త కాకినాడ నుంచి వచ్చి, నవల ఒక్క బిగిన చదివేసి, "జాడూ అన్న మాట ఎంత రాజసంగా ఉందే! నోరు తిరగడానికే పుణ్యం చేసుకోవాలి" అంది. మా కాలనీ సంఘం అధ్యక్షుడు, తెలుగు మాస్టారుగా రిటైరైన మనిషి, వీధిలో ఆపి మరీ అడిగారు: "ఏడో అధ్యాయంలో రాకుమారి ఏనుగెక్కింది. పదో అధ్యాయంలో గుర్రం దిగింది. ఏనుగేమైంది?" పగలంతా ఇతరుల లెక్కల్లో అణాకాణీ తేడా పట్టే మనిషిని, ఒక నిండు ఏనుగును పోగొట్టుకున్నాను. నాన్నగారు మాత్రం సంచిలో పుస్తకాలు వేసుకుని ఆఫీసు, మార్కెట్టు అన్నీ తిరిగి, చేతిలో పెట్టిన ప్రతి మనిషికీ అదే చెప్పేవారు: "కథ మా అమ్మాయిది. ఆ 'జాడూ' మాట మాత్రం నాది."

అసలు సంగతి చెప్పింది పక్కింటి మాస్టర్ సాబ్. ఉర్దూ బడిలో చదువు చెప్పి రిటైరైన పెద్దాయన. తెలుగు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతారు. నా నవలకి ఆయనకు రెండు వారాలు పట్టింది. ఒక బుధవారం సాయంత్రం పుస్తకాన్ని చేతిగుడ్డలో చుట్టుకుని వచ్చారు.

"బేటీ, బురా నక్కో మానో, ఏమనుకోకు. ఒక్క మాట అడుగుత. ఈ కితాబు నువ్వు చీపురు గురించి రాసినవా, మాయ గురించి రాసినవా?"

నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక, కళ్లలో చీపురు ఉన్న రాకుమారి, చీపురు విసిరిన మాంత్రికుడు, ఏడు లోకాలనూ కమ్మేసిన చీపురు, అందరూ వరసగా నా ఎదుట నిలబడ్డారు. ఏడవబోయాను. ఆయన చెయ్యి అడ్డుపెట్టారు.

"అరే, ఏడుస్తరా? నేను రెండు తీర్ల సదివిన. చీపురనుకుంట సదివితే నవ్వాగలే. మాయ అనుకుంట సదివితే నిద్ర పట్టలే. ఒక్క ధరకు రెండు కితాబులిచ్చినవ్, ఇంకేం గావాలె?"

నవల పోతే పోయింది. ఇంకొకటి రాయనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. నా భయమంతా నాన్నగారి గురించి. ఆరేళ్లుగా ఈ పరాయి ఊళ్లో ఆయన తలెత్తుకుని తిరిగింది ఆ ఉర్దూ మీదే. పైగా వచ్చే ఆదివారానికి ఆ పై ఆదివారం కాలనీ సంఘం గదిలో నా నవల మీద సభ, అందులో మొదటి ఉపన్యాసం ఆయనదే. ఆ మాట గురించే మాట్లాడతానని ఇంట్లో సాధన కూడా మొదలుపెట్టారు. పరుగున కిందికి వెళ్లి అక్క చేతులు పట్టుకున్నాను, నాన్నగారికి తెలియనివ్వొద్దని.

"గల్లీ గల్లీకి ఎరికనే చెల్లే," అందామె. "అందరం నవ్వుకున్నం, మీ బాపు కనవడంగనే నోరు మూసుకున్నం. గంత ఖుషీగ వస్తడాయె సంచి ఏసుకొని. ఆయనకెట్ల జెప్తం? నువ్వు ఫికర్ జెయ్యకు."

వీధంతా నాన్నగారి కోసం నోరు మూసుకున్న పదిరోజులు అవి. పాలాయన, ఇస్త్రీ ఆయన, మాస్టర్ సాబ్, అందరూ ఆయన్ని ఆపి "సాబ్, మస్తుంది కితాబు" అనేవారు, అని గబగబా తల తిప్పుకునేవారు. సభ రేపనగా, శనివారం, నాన్నగారు వెలిగిపోతూ ఇంటికి వచ్చారు. మేము నెలసరుకులు తెచ్చుకునే బేగంబజార్ కొట్లో ఆయన ఒక కాపీ ఇచ్చి వచ్చారట. పక్క సందులో ఒక సేఠ్ అది చూసి ఏకంగా యాభై కావాలన్నాడట. "యాభై! ఆ మాట మహిమ!" అని యాభై కాపీలతో పాటు నన్ను కూడా రిక్షా ఎక్కించారు, రచయిత్రిని చూపిస్తానని.

సందు మొదట్లోనే నాకు వాసన తగిలింది, ఎండుగడ్డి వాసన. కొట్టు నిండా, కప్పు దాకా, గడ్డి చీపుర్లు, కొబ్బరి ఈనెల చీపుర్లు కట్టలు కట్టలుగా నిలబెట్టి ఉన్నాయి. ముందు దారానికి నా పుస్తకం వేలాడుతోంది. నాన్నగారి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. ఆలస్యమైపోయింది.

"ఆవో ఆవో, జాడూ వాలే సాబ్!" అన్నాడు సేఠ్ లేచి నిలబడి. "ఏక్ దర్జన్ జాడూ కే సాథ్ ఏక్ కితాబ్ ఫ్రీ. బఢియా ఐడియా హై నా?" డజను చీపుర్లు కొంటే నా నవల ఉచితమన్నమాట.

నాన్నగారు చుట్టూ చూశారు. "జాడూ? కహాఁ జాడూ?"

సేఠ్ రెండు చేతులూ చాపాడు. "యే సబ్ జాడూ హీ తో హై, సాబ్!"

నాన్నగారు చీపుర్లను చూశారు. పుస్తకాన్ని చూశారు. నన్ను చూశారు. నేను నేల చూశాను. తరవాత సేఠ్ వైపు తిరిగి అడిగారు: "తో సేఠ్‌జీ... మాయా కో క్యా బోల్తే?"

"మాయా?" సేఠ్ ముసిముసిగా నవ్వాడు. "వో తో మేరీ ఘర్‌వాలీ కా నామ్ హై." అది వాళ్లావిడ పేరట.

మాట ఇచ్చాం కాబట్టి యాభై కాపీలూ అక్కడే దింపాం. సేఠ్ మర్యాదగా ఒక చీపురు బహుమానం ఇచ్చాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని నాన్నగారు రిక్షా ఎక్కి, "సైదాబాద్ పోనివ్వు బాబూ" అన్నారు. రిక్షావాడితో ఆయన తెలుగులో మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. మూసీ వంతెన దాటాక అడిగారు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"పదిరోజులైంది నాన్నగారూ."

"వీధిలో?"

"అందరికీ తెలుసు."

"పాలతనికి కూడా?"

"అతనికీ."

కాసేపు చీపురు ఈనెలు సర్దుతూ కూర్చున్నారు. తరవాత, "కలంతో దిద్దేద్దాం, ఇంట్లో ఎన్నున్నాయి?" అన్నారు. ఇంట్లో రెండు వందల పది ఉన్నాయి, కాపీకి మూడు వందల పదకొండు చోట్ల. నోటితోనే గుణించి చెప్పాను: అరవై అయిదు వేల మూడు వందల పది దిద్దుబాట్లు. "అయితే వద్దులే" అన్నారు.

మర్నాడు సభకి ఆయన రారనుకున్నాను. అందరికంటే ముందు వెళ్లి కూర్చున్నారు. లేచి, సాధన చేసిన ఉపన్యాసం కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఈ నవలలో ప్రతి పేజీలోనూ ఒక తప్పుంది," అన్నారు. "రాసింది మా అమ్మాయి, చెప్పింది నేను. ఇది మీకందరికీ తెలుసునని నాకు నిన్ననే తెలిసింది. ఇన్నాళ్లూ ఎలా ఆపుకున్నారో గాని, ఇక నవ్వేయండి."

పదిరోజుల నవ్వు ఒక్కసారి వచ్చింది. పాలాయన బల్ల మీద నుంచి జారాడు. అందరికంటే చివరిదాకా నవ్వింది నాన్నగారే. నవ్వు తగ్గాక అసలు లొల్లి మొదలైంది. సగం మంది ఇది మాయ నవల అన్నారు, సగం మంది చీపురు నవల అన్నారు.

"జాదూ అని దిద్దితె నేను సదవ," అంది అక్క లేచి. "నాది చీపురు బుక్కే. మా ఆయన స్టేషన్ల ఊడ్చెటోళ్లకు సదివి ఇనిపిచ్చిండు. చీపురుకు రాజులు దండం వెట్టుడు వాండ్లు యాడ సూడలేదంట. రెండో బుక్కు ఎప్పుడొస్తదని రోజు అడుగుతున్నరు."

"రెండోది లేదు," అన్నాను నేను.

"ఎందుకుండదు?" అన్నారు మాస్టర్ సాబ్. "రాయాలె. ఉర్దూ మాట ఉంటే మాత్రం ముందు నాకు జూపియ్యాలె."

"ముందు ఏనుగు సంగతి తేలాలి!" అన్నారు అధ్యక్షుడు.

"గా చీపుర్ల సాటుకే యాడనో ఉంటది, ఎతుకుతం తియ్యి సారూ," అంది అక్క.

నాన్నగారు నా వైపు తిరిగి, "రాస్తావా అమ్మాయ్?" అని మెల్లిగా అడిగారు. తల ఊపాను. ఆ రోజు తల ఊపినదాన్ని, రాయడం ఇంకా ఆపలేదు. మొన్న మా తమ్ముడి మనవరాలు ఎవరో తన నవలను చెత్త అన్నారని ముఖం వేలాడేసుకుని కూర్చుంటే ఈ కథంతా చెప్పాను. విని, కళ్లు తుడుచుకుని, "అయితే ఏనుగేమైంది నానమ్మా?" అంది. వంశం నిలబడుతుందని నమ్మకం కుదిరింది.

సభ అయిన మర్నాటి నుంచి నాన్నగారు రోజూ సాయంత్రం మాస్టర్ సాబ్ దగ్గర కూర్చుని ఉర్దూ నేర్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఒక్క తప్పు లేకుండా మాట్లాడేవారు, నెమ్మదిగా, ఆచితూచి. రిక్షావాళ్లు ఆయనతో కూడా బేరమాడటం మొదలుపెట్టారు. సేఠ్ ఇచ్చిన చీపురు మూడేళ్లు వచ్చింది కాబట్టి దాన్ని నష్టంలో రాయను. మిగతా లెక్క ఇది. పోయినవి: చీపుర్లతో పాటు ఊరంతా వెళ్లిపోయిన కాపీలు, యాభై. ఏడో అధ్యాయానికీ పదో అధ్యాయానికీ మధ్య ఏనుగు, ఒకటి. నాన్నగారి పాత ఉర్దూ, మొత్తం.