దీమపు కొంగ

ఉప్పు ఉద్యమం చల్లారిన రోజులవి. నేను తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాను. బడి చదువు అయిదో తరగతితోనే ముగిసినా, ఆదివారం వస్తే రైలెక్కి ఏలూరు వెళ్ళి, గ్రంథాలయం తలుపులు మూసేదాకా చదువుకునేవాణ్ణి. పక్కన నిఘంటువు పెట్టుకుంటే ఇంగ్లీషు పుస్తకమైనా నాకు లొంగేది. కొత్త మాట ఒకటి దొరికితే దాన్ని ఎవరికైనా చెప్పేదాకా తోచేది కాదు.

ఒక చలికాలం మా బావమరిది కొల్లేటి నుంచి చేపల బుట్టతోపాటు కాళ్ళు కట్టిన తెల్లకొంగను ఒకదాన్ని తెచ్చాడు. అక్కడి పిట్టలవేటగాడొకడు వయసు మీదపడి వేట మానేసి, దాన్ని ఇతనికి ఇచ్చేశాడట.

"పులుసు పెట్టించండి బావగారూ. కాస్త ముదురే, ఎక్కువసేపు ఉడకనివ్వాలి."

మా ఆవిడ కొంగను ఒళ్ళోకి తీసుకుని చూసింది. "ఏవండీ, దీని కళ్ళు కుట్టేశారండీ" అంది.

నిజమే. రెండు కింది రెప్పలకూ దారం గుచ్చి, పైకి లాగి, నెత్తిమీద ముడి వేశారు.

"కుట్టకపోతే మనుషుల్ని చూసి కొట్టుకుంటుందే. కుడితే కుదురుగా నిలబడుతుంది. కాలికి కట్టిన దారం లాగితే రెక్కలాడిస్తుంది. అది చూసి మిగతావి దిగి వలలో పడతాయి" అన్నాడు బావమరిది, పొయ్యి ఎప్పుడు వెలిగిస్తారన్నట్టు వంటింటివైపు చూస్తూ.

ఆ పూట పులుసు కాలేదు. తను తెచ్చిన చేపలే తను తిని, మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు.

గడ్డం గీసుకునే కత్తితో నేను ఆ దారాలు కోశాను. కుడికన్ను పాలపొరలా తెల్లగా ఉంది. ఎడమకంటి పొర వెనక నల్లటి చుక్క కనిపించింది. లాంతరు అటూ ఇటూ జరిపితే కొంగ మెడ తిప్పింది. ఆ తిప్పడం చూసి మా ఆవిడ ఆశ పెట్టుకుంది.

"ఒక్క కన్ను వస్తే చాలండీ. అదే ఎగిరిపోతుంది."

మరుసటి ఆదివారం దాన్ని బుట్టలో పెట్టుకుని ఏలూరులో పశువుల ఆసుపత్రికి వెళ్ళాను.

"ఆవాండీ, గేదా?" అని డాక్టరు తలెత్తకుండా అడిగాడు.

"కొంగండీ."

ఆయన కలం కింద పెట్టాడు. "కొంగకి నా రిజిస్టర్లో గడి లేదండీ. కోళ్ళలో రాస్తాను. ఎవరైనా అడిగితే గుడ్లు పెడుతుందని చెప్పండి."

మంచివాడే. కళ్ళు శ్రద్ధగా చూసి చుక్కలమందు ఇచ్చాడు. కుడికన్ను మీద ఆశ వదులుకోమన్నాడు, ఎడమదాని సంగతి తను చెప్పలేనన్నాడు. కాచి చల్లార్చిన నీళ్ళతో రోజూ కడగాలని, తిండి మాత్రం మాననివ్వకూడదని హెచ్చరించాడు.

అట్నుంచి గ్రంథాలయానికి వెళ్ళాను. పక్షుల పెంపకం మీద ఉన్న ఒక ఇంగ్లీషు పుస్తకంలో, ఒంటరి పక్షి తిండి మానేస్తుందనీ, తన జాతి పక్షుల సందడి వినిపించేచోట ఉంచితే కోలుకుంటుందనీ చదివాను. తెలుగు నిఘంటువులో ఇంకొకటి దొరికింది. తన జాతిని వలలోకి రప్పించడానికి మచ్చిక చేసిన జంతువునో పక్షినో దీమం అంటారట. మా ఇంట్లో ఉన్నదానికి ఇంత చక్కటి పేరుందా అనిపించింది. రైల్లో చెప్పాను, మిల్లులో చెప్పాను. మా పెరటిగోడ అవతల ఉండే పెద్దాయనకీ చెప్పాను. ఆయన కాలవ లాకుల దగ్గర పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఎవరేం చెప్పినా ఓపిగ్గా వింటాడు.

మా ఆవిడ పొద్దున్నే కొంగ కళ్ళు కడిగేది. దారం కోసుకుపోయిన కాలికి పసుపూ నూనే రాసేది. చిన్న చేపల్ని ముక్కుకి అందించేది. ఆ కాలు తాకగానే అది రెక్కలు విప్పి ఆడించేది. "ఎగరాలని చూస్తోందండీ" అని మురిసిపోయేది. అది వేటగాడు నేర్పిన ఆట అని నాకు తెలుసు. చెప్పబుద్ధి కాలేదు.

పుస్తకంలో ఉన్నట్టే పెరట్లో నీళ్ళు పారే బోదె పక్కన కర్ర పాతి దాన్ని నిలబెట్టాం. గోడ అవతల దమ్ము చేసిన చేలో తిరిగే కొంగలు దీన్ని చూసి గోడ పక్క గట్టుమీదే దిగసాగాయి. వాటి అరుపులు వింటూ ఇది తనంతట తనే తినడం మొదలుపెట్టింది. ఈకలకు నునుపు వచ్చింది. ఇంట్లో మేమిద్దరం మెల్లగా మాట్లాడుకునేవాళ్ళం, దానికి ఆ అరుపులు వినిపించకుండా పోతాయేమోనని.

తర్వాత గోడమీద తెల్ల ఈకలు కనపడ్డాయి. తొంగి చూస్తే అవతల గట్టు పొడుగునా ఉచ్చులు.

"ఇదేమిటండీ బాబాయిగారూ?" అని పెద్దాయనను అడిగాను.

"కొంగలకండీ. మీ పక్షి చల్లగా ఉండాలండీ గుమాస్తాగారూ, మా ఇంట్లో నీచు లేని పూట లేదు."

"అది జబ్బుపక్షి అండీ. వేటకి కాదు."

"అయ్యో, దాని జోలికి నేనెందుకు వెళ్తానండీ? వచ్చినవాటినే పట్టుకుంటున్నాను. దీమం అని మీరు చెప్పబట్టేగదండీ తెలిసింది. చదువుకున్నవారు పక్కనుంటే ఎంత లాభమో చూడండి."

వెక్కిరింత కాదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. రాత్రికి ఓ గిన్నెడు కూర కూడా పంపించాడు.

కొంగను లోపలికి తెచ్చి వడ్లబస్తాల గదిలో ఉంచాం. తినడం మానేసింది. మళ్ళీ బయట నిలబెడితే తిన్నది. ఆ సాయంత్రమే గోడ అవతల రెక్కల టపటప వినిపించింది. మా ఆవిడ దాన్ని చంకలో పెట్టుకుని లోపలికి వచ్చేసింది.

"బయటుంటే అవి చస్తున్నాయి, లోపలుంటే ఇది చచ్చేలా ఉంది. మీ పుస్తకాల్లో దీనికేమైనా ఉందేమో చూడండి."

చూశాను. పక్షుల జబ్బులు ఉన్నాయి, మందులు ఉన్నాయి. ఆవిడ అడిగినది ఎక్కడా లేదు.

ఇక బయట పెట్టలేదు. మా ఆవిడ ముక్కు తెరిచి చేపలు కుక్కేది, అది కక్కేసేది. ఎడమకంటి పొర కూడా చిక్కబడింది. ఒకనాడు లాంతరు ఎంత దగ్గరికి తెచ్చినా మెడ తిప్పలేదు. మర్నాడు తెల్లవారి చూస్తే బస్తాల సందున చల్లగా ఉంది.

సంగతి తెలిసి పెద్దాయన పలకరించడానికి వచ్చాడు. కాసేపు కూర్చుని, లేవబోతూ అన్నాడు:

"ఎలాగూ పోయిందిగదండీ. ఆ తోలు ఇప్పిస్తే గడ్డి కూరుకుంటానండీ. దీమానికి ప్రాణంతో పనిలేదుగదా."

"ఇవ్వమండీ" అంది మా ఆవిడ, అంతే మెత్తగా.

బోదె పక్కనే, కుక్కలు తవ్వనంత లోతున పాతిపెట్టాం.

ఆ వారంలోనే మిల్లు నుంచి వస్తూ చూశాను. గోడ అవతల గట్టుమీద గడ్డిబొమ్మ ఒకటి నిలబడి ఉంది. పాత తెల్లపంచె చుట్టి, మెడకి వంకరపుల్ల గుచ్చి, కింద దారం కట్టాడు. కళ్ళు పెట్టలేదు. కొంగలు దాని పక్కన దిగుతున్నాయి.