ఉత్తరం పంపితే సరిపోదు

ఇవాళ క్లినిక్‌లో ఎవరో కోకో బటర్ లోషన్ రాసుకుని నా పక్కనుంచి వెళ్లారు. నాకు ఆ పని నేర్పిన డెనీస్ వాసన అది, వెంటనే తల తిప్పి చూశాను. ఆవిడ కాదని తెలుసు. ఆవిడ రిటైరై దూరాన జార్జియాలో, అల్ఫారెట్టాలో కూతురి దగ్గర ఉంటోంది. అయినా చూశాను.

మిషిగన్‌లోని నోవైలో, రొమ్ము క్యాన్సర్‌ను కనిపెట్టే మామోగ్రామ్ పరీక్షలు చేసే ఈ క్లినిక్‌లో నేను చేరేనాటికే డెనీస్ అక్కడ ఇరవై ఏళ్లుగా పనిచేస్తోంది. పరీక్షలో తేడా కనిపించిన ఆడవాళ్లను మళ్లీ రప్పించడం ఆవిడ పని. నాకు ఆ పని నేర్పిందీ ఆవిడే. మొదటి వారం ఒక పేషెంట్‌కు ఉత్తరం పంపేసి, అయిపోయిందన్నాను. "ఆమె చదివిందని నీకెవరు చెప్పారు? ఫోన్ చెయ్, హనీ," అంది. నాలుగోసారి చేస్తేగాని ఆమె ఎత్తలేదు.

ఒకరోజు లంచ్ దగ్గర తన అక్క సంగతి చెప్పింది. అక్కకూ, అక్క ఆఫీసులోని ఒక తెల్లావిడకూ ఒకే ఏడాది రొమ్ము క్యాన్సర్ వచ్చిందట. తెల్లావిడకు నెల తిరక్కుండా ఆపరేషన్ అయింది. అక్క గడ్డ ఉందని చెబితే డాక్టర్ కంగారేం లేదన్నాడు. గడ్డలోంచి ముక్క తీసి చూసే బయాప్సీ చేసేసరికి ఎనిమిది నెలలు గడిచాయి. "ఆ తెల్లావిడ మనవల్ని ఎత్తుకుంది. మేం అక్కను సమాధి చేశాం. మేమే ఎక్కువ పోతుంటే, మా నల్లవాళ్ల ఒంట్లోనే ఏదో ఉందంటారు. కొంత ఉండొచ్చు. ఆ ఎనిమిది నెలలు మాత్రం ఒంట్లోవి కావు."

అలాంటి మనిషి, మూడేళ్ల కిందట తనకే గడ్డ తగిలితే నోరు మెదపలేదు. వేరే ఆసుపత్రి డాక్టర్ ఆర్నెల్లాగి రమ్మంటే సరేనని వచ్చేసిందట. "అందరి కోసం పోట్లాడతాను. నాకోసం మాట రావట్లేదు," అంది. వెంటనే ఆ ఆసుపత్రికి డయల్ చేశాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. ఆవిడ పేరు మాత్రం చెప్పింది. మిగతాది నేను మాట్లాడాను: "ఈ వారమే బయాప్సీ కావాలి. కుదరదంటే, ఎందుకు కుదరదో ఫైల్‌లో రాయండి." లైన్‌లో ఉంచి కాసేపు సంగీతం వినిపించి, గురువారం రమ్మన్నారు. క్యాన్సరే. కానీ చిన్నది, చంకలోకి పాకలేదు. ఆ చలికాలమంతా రేడియేషన్‌కు మంచులో నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను.

నిన్న సాయంత్రం ఫోన్ చేసింది. ఈ ఏడాది పరీక్షలోనూ ఏమీ లేదట. పార్కింగ్‌లో, కార్‌లో కూర్చుని హాయిగా ఏడ్చేశాను. నా ఏడుపు ఆగాక, "మరి నీ మామోగ్రామ్?" అంది.

"వచ్చే నెల చూస్తాలే, డెనీస్."

"ఏ తేదీ?"

నేను తేదీ చెప్పేదాకా ఆవిడ ఫోన్ పెట్టలేదు. ఇప్పుడు నేనూ ఎవరికి ఫోన్ చేసినా అంతే.