వదిన కాళ్లు ఎంచిన బేతంచెర్ల బండలు

మా పెరట్లో వంటింటి గడప నుంచి గేదె కొట్టం దాకా నలభై అడుగులు ఉంటాయేమో. ఆ కాస్త దారికి బండలు తేవడానికి ఒక రోజంతా రైళ్లెక్కి దిగామంటే మా కర్నూలు కాలేజీలో తోటి లెక్చరర్లు నవ్వారు. నల్లరేగడిలో ఇల్లు కట్టుకున్నవాళ్లు మాత్రం నవ్వరనుకుంటాను. నాలుగు చినుకులు పడితే చాలు, ఆ మట్టి కాలిని పట్టుకుంటుంది, లేదంటే జార్చేస్తుంది. పోయిన వానల్లో మా వదిన అందులో రెండుసార్లు పడింది. వదిన అంటే మావారి అక్క. భర్త పోయాక మైదుకూరు దగ్గరి పల్లె నుంచి మా ఇంటికి వస్తూ తన వెంట తోలుకొచ్చుకున్నది ఈ గేదె ఒక్కదాన్నే. ఆమె కళ్లకు పొరలు కమ్మాయి. అవి ఇంకా ముదరాలి, అప్పుడే ఆపరేషను అన్నాడు డాక్టరు. రెండోసారి పడినప్పుడు మణికట్టు విరిగింది. వానలు వచ్చేలోగా దారి బాగుపడకపోతే గేదెను అమ్మేద్దామని మావారు తేల్చి చెప్పారు. ఆయన మాట తప్పని నేను అనలేకపోయాను. వదిన ఆ రోజు నుంచి పాలు పితికేటప్పుడు గేదెతో మాట్లాడటం మానేసింది.

బండలు నేనే చూసి వస్తానంటే ఒప్పుకోలేదు. “నడిచేది నా కాళ్లు గదా సరోజా. చూసేది నీ కండ్లయితే ఎట్ల?” అంది.

మే నెల చివరి వారంలో బయలుదేరాం. కర్నూలులో తెల్లవారుజామున బండెక్కి ద్రోణాచలంలో దిగి, నంద్యాల వైపు పోయే బండి మారాలి. మధ్యలో గంటకు పైగా ఖాళీ ఉంటుంది కాబట్టి ఇంట్లో ఏమీ తినకుండా వెళ్లండి. స్టేషను బయట రేకుల పంచలో ఒకామె వేడి వేడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెడుతుంది. ఇద్దరం కడుపునిండా తింటే ఆరణాలయింది. “బజ్జీలో కారం యాడికి పోయిందమ్మా?” అని వదిన అడిగితే, “నిన్న ఒకాయన మంట తట్టుకోలేక నా కడవ నీళ్లన్నీ తాగేసినాడు. నీళ్లు మోసేది నేను గదా” అంది ఆమె. మూడో తరగతి టికెట్టు మనిషికి రెండు రూపాయల లోపే. ఎండ ముదరకముందే, పది గంటలకల్లా బేతంచెర్లలో దిగాం.

గనుల దాకా ఎద్దుల బండి మాట్లాడుకోవాలి. ఆగి మళ్లీ స్టేషనుకు చేర్చడానికి ఖాసిం అనే అతను రూపాయిన్నరకు ఒప్పుకున్నాడు. దారి పొడుగునా పొలాలకు కంచెలుగా నిలబెట్టినవి బండలే, ఇళ్ల కప్పులు బండలే, పశువుల తొట్లు బండలే. అదే మాట పైకంటే ఖాసిం వెనక్కి తిరిగి, “మా ఊర్లో బండ కానిది మనిషొక్కడేనమ్మా. మా మామ అయితే అదీ బండే” అన్నాడు. వదిన నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు విన్నాను.

గని దగ్గర తాటాకు పందిరి కింద ఆడవాళ్లు బండల మీద ఇసుకా నీళ్లూ పోసి ఇంకో రాతితో రుద్దుతున్నారు. అలా రుద్దిన బండ తడిలో లేత ఆకుపచ్చగా, అరచేయి పెడితే జారిపోయేంత నున్నగా ఉంది. నేను మనసులో అప్పుడే వాటిని పెరట్లో పరిచేశాను. గని మేస్త్రీ వంద చదరపుటడుగులకు పద్దెనిమిది రూపాయలన్నాడు. కర్నూలు ఆంధ్ర రాజధాని అయ్యాక అక్కడికి రోజూ లారీలు పోతున్నాయనీ, మా సరుకు కూడా వాటిలోనే వేసి పంపుతాననీ చెప్పాడు. నేను సరే అనబోతుండగా వదిన చెప్పులు విడిచి ఆ తడిబండ మీద అడుగు పెట్టింది. రెండో అడుగుకే కాలు జారింది. నేను మోచేయి పట్టుకోబట్టి సరిపోయింది.

ఆమె అక్కడే కూలబడింది. “ఎనుమును అమ్మేయమని చెప్పు మా తమ్మునికి. బాట వేసినా ఇంతే గదా” అంది. గేదెను ఆమె ఎనుమనే అంటుంది. నేను కొంటున్నది ఆమెకు దారా, ఆమె పడటానికి ఇంకో చోటా అనిపించింది. వట్టి చేతులతో వెళ్లిపోదామని కూడా అనుకున్నాను.

పందిరిలోంచి పారే నీళ్లు పక్కనే పరచి ఉన్న కొన్ని గరుకు బండల మీదుగా పోతున్నాయి. వదిన కాళ్లకంటిన బురద కడుక్కుందామని వాటి మీదికి వెళ్లింది. కడుక్కుంటూ ఆగింది. మడమతో బండను రాసి చూసింది. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది. ఇంకో కడవ నీళ్లు పోయించుకుని, ఈసారి నా చేయి విదిలించి నడిచింది.

“ఇది కాలు పట్టుకుంటాండాది సరోజా. ఇదేం బండప్పా?”

“అది ఇంకా రుద్దాల్సి ఉండాది అవ్వా” అన్నాడు మేస్త్రీ.

“అవ్వ ఎవురప్పా? నీ గొంతు వింటే నాకంటే పదేండ్లు పెద్దోనివి. రుద్దొద్దు, ఇట్లే ఇయ్యి.”

మేస్త్రీ మొహం మాడిపోయింది. ఇక్కడివాళ్లకు నునుపే పరువు. రుద్దని బండ కల్లాలకూ కొట్టాలకూ తప్ప ఇళ్లకు పంపరట. “రాజధానిలో సారోళ్ల ఇంటికి ఇదా? ఎవురన్నా చూస్తే ఈని గనిలో పనిచేసేటోళ్లు లేరా అంటారు. దుడ్లకు చూస్తాండారేమో, రుద్దినవే వీటి రేటుకిస్తా తీసుకోండి” అని బతిమాలాడు. తక్కువ ధరకు మంచి సరుకు ఇస్తానంటుంటే వద్దని పోట్లాడటం నేను మొదటిసారి చూశాను. వదిన వినలేదు. పైగా బండల అంచులు చెక్కితే రాలిన కంకర కూడా కావాలంది. బాటకు రెండు పక్కలా పోయిస్తే, తాను దారి తప్పినప్పుడు కాలికింద చప్పుడవుతుందట.

చివరికి మేస్త్రీ దిగొచ్చాడు. “రేగడి నేలంటాండారు. కింద జానెడు గరుసు మన్ను పోసి తొక్కించి పరచండి, లేకుంటే ఒక వానకే కుంగుతాది. ఇంకో మాట. యాడ తెచ్చినారని ఎవురడిగినా నా పేరు మాత్రం చెప్పొద్దు.”

“మా ఎనుముకు గూడా చెప్పను లే” అంది వదిన. రుద్దుతున్న ఆడవాళ్లు పని ఆపి నవ్వారు.

తిరుగు బండికి ముందు స్టేషను బయట బనగానపల్లె మామిడిపళ్లు కొన్నాం. అక్కడ కర్నూలు కంటే చౌక. చీకటి పడే వేళకు ఇల్లు చేరాం. బండలు మూడో రోజున వచ్చాయి. గరుసు హంద్రి ఒడ్డు నుంచి తోలించాం.

మొదటి పెద్దవాన ఒక ఉదయం పడింది. వదిన పాలచెంబు తీసుకుని దిగింది. మావారు పేపరు ముందు పెట్టుకున్నారు కానీ పేజీ తిప్పలేదు. మధ్యలో ఒక్కసారి కంకర కరకరమంది. ఆ వెంటనే ఆగిపోయింది. కాసేపటికి కొట్టంలోంచి వదిన గొంతు వినిపించింది: “జరుగే, మొద్దుమొహమా. తోక కొడతాండావు, నేను కనపడలేదా నీకు?” మావారు పేపరు మడిచి, కాఫీ ఇంకో గ్లాసు కావాలన్నారు. అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు. రేగడి ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే నేల. ఈ బండలు ఎన్నేళ్లు కదలకుండా ఉంటాయో నాకు అనుమానమే. వాన పడ్డ ప్రతిసారీ కిటికీ దగ్గర నిలబడి చెవులు రిక్కించడం ఇంకా మానలేదు.

బేతంచెర్ల వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. ఆ దారిన రోజూ నడిచేది ఎవరో వాళ్లను వెంట తీసుకెళ్లండి, చెప్పులు విప్పించి, తడిపిన బండ మీద నడిపించి, అప్పుడు కొనండి. ఏ గనిలో తెచ్చామని మాత్రం నన్నడగకండి. వదిన మాటిచ్చింది.